రాడార్ చూసేది ఒకటి, చూపించేది ఒకటి

రైళ్ల వేగం కొలవడానికి నేను కట్టిన మొదటి రాడార్‌కి ఒక విచిత్రమైన గుణం ఉండేది. ఒక హద్దు దాటాక రైలు ఎంత వేగంగా వస్తే అంత నెమ్మదిగా వచ్చినట్టు చూపించేది. నింపాదిగా వచ్చిన గూడ్సుకి గంటకి 60 కి.మీ. అంది, అది నిజమే. దాని తర్వాత దూసుకొచ్చిన ఎక్స్‌ప్రెస్‌కి 79 అంది. 400 అని ఉంటే అక్కడికక్కడే వైర్లు పీకి చూసేవాణ్ణి. 79 అనేసరికి నమ్మకంగా నోట్‌బుక్‌లో రాసుకున్నాను. ఆ ఎక్స్‌ప్రెస్ నిజంగా వెళ్లింది 100తో.

ఆ తప్పు ఎలా జరిగిందో చెప్పాలంటే ముందు ఆ డబ్బా ఏం చేస్తుందో చెప్పాలి. అగ్గిపెట్టె సైజు మాడ్యూల్ ఒకటి 24.125 గిగాహెర్ట్జ్ దగ్గర మైక్రోవేవ్ వదులుతూ ఉంటుంది. అది రైలుకి తగిలి తిరిగొచ్చేసరికి ఫ్రీక్వెన్సీ రవ్వంత మారుతుంది. రైలు గంటకి 100 కి.మీ. వేగంతో ఎదురొస్తుంటే ఆ మార్పు సుమారు 4,470 హెర్ట్జ్. అసలు ఫ్రీక్వెన్సీతో పోలిస్తే 54 లక్షల్లో ఒక వంతు. ఇంత చిన్న తేడాని నేరుగా పట్టుకోవడం కష్టం కాబట్టి, మాడ్యూల్ తాను పంపినదాన్నీ తిరిగొచ్చినదాన్నీ కలిపి తేడాని మాత్రమే బయటికిస్తుంది. గంటకి ఒక కిలోమీటరు వేగానికి 44.7 హెర్ట్జ్ అన్నమాట. ఇది మన చెవికి అందే ఫ్రీక్వెన్సీయే. చిన్న ఆంప్లిఫయరూ స్పీకరూ తగిలిస్తే రైలు ఈల వేస్తున్నట్టు వినిపిస్తుంది. దూరాన ఉన్నప్పుడు సన్నగా, నిలకడగా ఉంటుంది. దగ్గరయ్యేకొద్దీ గొంతు జారిపోతుంది, ఎదురుగా దాటేటప్పుడు గురకలా మారుతుంది, దాటిపోయాక మళ్లీ పైకి లేస్తుంది. ఒకసారి వింటే మర్చిపోరు.

నేను చేసిన తెలివితక్కువ పని, ఈ ఈలని ఒక చౌక మైక్రోకంట్రోలర్‌తో సెకనుకి 8,000 సార్లు శాంపిల్ చేయడం, అంటే అన్నిసార్లు కొలిచి అంకెలుగా రాసుకోవడం. అలా చేస్తే 4,000 హెర్ట్జ్ వరకే సరిగ్గా తెలుస్తుంది. అంతకు మించినది మాయమైపోయినా బాగుండేది. అది మాయమవదు, మడతపడి కిందికి వస్తుంది. 8,000లోంచి 4,470 తీసేస్తే 3,530. దాన్ని వేగంలోకి మారిస్తే 79. రైలు 110తో వచ్చి ఉంటే 69 అని చూపించేది. ఆ మడత పడకుండా శాంపిల్ చేసే ముందు ఒక ఫిల్టర్ పెట్టాలని పుస్తకాలన్నీ చెప్తాయి. నేనూ చదివాను. పెట్టలేదు.

సౌండ్ కార్డుకి మారి సెకనుకి 44,100 శాంపిళ్లు తీసుకోవడం మొదలుపెట్టాక ఈ జబ్బు పోయింది, వేరేవి బయటపడ్డాయి. ఒక రాత్రి గదిలో పరీక్షిస్తుంటే, కదిలేది ఏదీ లేకపోయినా 2.2 కి.మీ. అని పట్టు వదలకుండా చూపించింది. గంటసేపు కోడ్ అంతా తిరగేశాక పైకి చూశాను. ట్యూబ్‌లైటు! 50 హెర్ట్జ్ కరెంటు మీద వెలిగే గొట్టంలోని వాయువు సెకనుకి 100 సార్లు రాడార్ తరంగాన్ని ఎక్కువా తక్కువా తిప్పికొడుతుంది. 100 హెర్ట్జ్ అంటే రాడార్ భాషలో 2.2 కి.మీ. వేగం. ఇంకోసారి రైలు మరీ దగ్గరగా వెళ్లినప్పుడు సిగ్నల్ ఎక్కువై ఆంప్లిఫయర్ తల తెగింది. నున్నటి తరంగం పైనా కిందా నరికినట్టు చదునైతే మూడు రెట్ల ఫ్రీక్వెన్సీ పుట్టుకొస్తుంది. 72తో వెళ్లిన రైలుకి ఓ క్షణం 216 అని వచ్చింది. అది చూసి నవ్వుకున్నాను, ఎందుకంటే అది నవ్వదగ్గ తప్పు. 79 అలాంటిది కాదు.

ఇక్కడి నుంచే నా పేచీ మొదలవుతుంది. వేగం కొలిచే పరికరం ఏదైనా తెర మీద ఒక్క అంకె వేసి ఊరుకుంటుంది. ఆ అంకెని ఎంత నమ్మాలో చెప్పదు. రాడార్ వేగాన్ని చూడదు, అది చూసేది ఫ్రీక్వెన్సీని. ఫ్రీక్వెన్సీ నుంచి వేగానికి వెళ్లే దారిలో కోణం ఒకటి ఊహించుకోవాలి, ఏ ప్రతిధ్వని రైలుదో ఏది రేకుల షెడ్డుదో తేల్చుకోవాలి, ఎంతసేపటి సిగ్నల్‌ని కలిపి చూడాలో నిర్ణయించుకోవాలి. ఇన్ని ఊహల మీద నిలబెట్టిన అంకెని 97.3 అని దశాంశంతో సహా చూపించడం నాకు దబాయింపులా అనిపిస్తుంది.

కోణం సంగతే తీసుకోండి. రాడార్ తన వైపు వచ్చే వేగాన్ని మాత్రమే కొలుస్తుంది. పట్టాల మధ్య నిలబడి రైలుకి ఎదురుగా పెడితే తప్ప అది అసలు వేగం కాదు, ఆ పని చేయమని ఎవరికీ సలహా ఇవ్వను. పక్కన నిలబడితే మీరు చూసే దిశకీ పట్టాలకీ మధ్య ఉన్న కోణానికి కొసైన్ విలువతో వేగం తగ్గుతుంది. 10 డిగ్రీలైతే ఒకటిన్నర శాతం తక్కువ, 20 డిగ్రీలైతే 6 శాతం, 45 డిగ్రీలైతే దాదాపు 30 శాతం. కోణం తెలిస్తే సరిచేసుకోవచ్చు కదా అంటారు. కారు విషయంలో అనండి, ఒప్పుకుంటాను. రైలు ఒక చోట ఉండదు. ఇంజను మిమ్మల్ని దాటేసరికి చివరి పెట్టె ఇంకా వందల మీటర్ల అవతల ఉంటుంది. ఒకే క్షణంలో రైలులోని ఒక్కో ముక్క ఒక్కో కోణంలో ఉండి, ఒక్కో ఫ్రీక్వెన్సీని పంపుతుంది.

దీన్ని బొమ్మగా చూస్తేనే అర్థమవుతుంది. సిగ్నల్‌ని చిన్నచిన్న ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కకి, అందులో ఏ ఫ్రీక్వెన్సీ ఎంత బలంగా ఉందో విడదీసే లెక్క అయిన ఎఫ్‌ఎఫ్‌టీ తీసి, పక్కపక్కన నిలబెడితే స్పెక్ట్రోగ్రామ్ వస్తుంది. అడ్డంగా కాలం, నిలువుగా ఫ్రీక్వెన్సీ. దూరాన రైలు కనబడగానే పైన సన్నటి గీత ఒకటి మొదలవుతుంది. ఇంజను దగ్గరయ్యేకొద్దీ ఆ గీతలోంచి ఒక పాయ విడిపోయి కిందికి వంగుతుంది, ఎదురుగా వచ్చేసరికి సున్నాని తాకుతుంది. వెనక వచ్చే పెట్టెలన్నీ ఆ వంపుకీ పై గీతకీ మధ్య జాగాని నింపేస్తాయి. చివరి పెట్టె దాటాక కింది అంచు మళ్లీ పైకి లేచి గీతలో కలిసిపోతుంది. మొత్తం చూస్తే తీగ మీద ఆరేసిన చీరలా ఉంటుంది. పైన తీగ వెంట చదునైన అంచు, నడుమ నేల దాకా జీరాడే గుడ్డ.

ఇప్పుడు చెప్పండి, ఇందులో రైలు వేగం ఎక్కడుంది? పై అంచులో ఉంది. తీగ ఎత్తే వేగం. కానీ అన్నిటికన్నా బలమైన ప్రతిధ్వని అక్కడ ఉండదు. నా ఎదురుగా అద్దంలా నిలబడ్డ పెట్టె పక్కగోడ నుంచి, సున్నాకి దగ్గరగా, అన్నిటినీ ముంచెత్తేంత బలంగా వస్తుంది. చాలా చిన్న పరికరాలు చేసే పని ఏమిటంటే, ఎఫ్‌ఎఫ్‌టీలో ఎత్తైన శిఖరం ఏదో వెతికి దాన్నే వేగంగా ప్రకటించడం. నాదీ అలాగే చేసింది. రైలు అదే వేగంతో వెళ్తూనే ఉంది, నా తెర మీద మాత్రం 97, 90, 71, 38, 12 అని దిగిపోయింది. చూస్తున్నవాడికి ఎవరో చైను లాగారనిపించాలి.

కాబట్టి శిఖరాన్ని వదిలేసి అంచుని పట్టుకోవాలి. అంచు ఎక్కడ ఆగిపోయిందో, నాయిస్ ఎక్కడ మొదలైందో చెప్పే గడప మనమే పెట్టుకోవాలి. గడప కాస్త ఎత్తితే 96, దించితే 98. పైగా అంచు పైన కూడా పలచటి మసక ఒకటి ఉంటుంది. మొదట అది నాయిస్ అనుకున్నాను. తర్వాత చక్రాలు గుర్తొచ్చాయి. దొర్లే చక్రంలో పట్టాని తాకే బిందువు ఆ క్షణాన కదలదు, ఇరుసు రైలు వేగంతో వెళ్తుంది, చక్రం తల భాగం రైలుకి రెట్టింపు వేగంతో ముందుకి పోతుంది. అంటే రైలులోని కొంత ఇనుము నిజంగానే రైలుకన్నా వేగంగా వెళ్తోంది. ఇంకా తమాషా ఏమిటంటే, చక్రానికి లోపలి వైపు పట్టా పైఅంచు కన్నా కిందికి దిగి ఉండే ఫ్లాంజ్ ఉంటుంది కదా, దాని అడుగు భాగం వెనక్కి వెళ్తుంది. ఎంత వేగంగా ముందుకి పోయే రైలులోనైనా వెనక్కి ప్రయాణించే ఇనుము కొంత ఎప్పుడూ ఉంటుంది. రాడార్‌కి ఇవన్నీ రైలే. ఏది లెక్కలోకి తీసుకోవాలో చెప్పాల్సింది మనం.

సిగ్నల్ ముక్క ఎంత పొడవు ఉండాలన్నది ఇంకో తలనొప్పి. నేను 4,096 శాంపిళ్లు తీసుకున్నాను, అంటే సుమారు 93 మిల్లీసెకన్లు. దానితో వేగంలో పావు కిలోమీటరు తేడాని కూడా విడదీయొచ్చు. కాగితం మీద. 100తో వెళ్లే రైలు నాకు 10 మీటర్ల దూరంలో ఎదురుగా దాటేటప్పుడు ఇంజను మూల నుంచి వచ్చే ఫ్రీక్వెన్సీ సెకనుకి సుమారు 12,400 హెర్ట్జ్ చొప్పున మారిపోతుంది. 93 మిల్లీసెకన్లలో అది పదకొండు వందల హెర్ట్జ్ పైన జారుతుంది. పావు కిలోమీటరు చొప్పున చూడగలనన్న పరికరం అక్కడ పాతిక కిలోమీటర్ల మేర అలికేస్తుంది. ముక్కని 9 మిల్లీసెకన్లకి కుదిస్తే అలుకుడు తగ్గుతుంది, కానీ విడదీసే శక్తి రెండున్నర కిలోమీటర్లకి పడిపోతుంది. ముక్క చివర నాలుగు సున్నాలు అతికించి ఎఫ్‌ఎఫ్‌టీని పొడవు చేస్తే గ్రాఫ్ నున్నగా కనిపిస్తుంది తప్ప కొత్త సమాచారం ఒక్క చుక్క కూడా రాదు. ఈ మాట ఎంతమందితో వాదించానో లెక్కలేదు.

ఇక్కడ ఒక పాత కథ చెప్పాలి, ఎందుకంటే ఈ సూత్రం మొదట పరీక్షకి నిలబడింది రైలు మీదే. క్రిస్టియన్ డాప్లర్ 1842లో ప్రాగ్‌లో తన సిద్ధాంతాన్ని చెప్పింది జంట నక్షత్రాల రంగుల గురించి. నక్షత్రాల రంగులకి కారణం వాటి కదలికేనని ఆయన అనుకున్నాడు, అది తప్పు. అయితే శబ్దం సంగతేమిటని 1845లో నెదర్లాండ్స్‌లో బైస్ బల్లోట్ అనే శాస్త్రవేత్త రైలు మీద బాకాలూదేవాళ్లని ఎక్కించి, పట్టాల పక్కన స్వరజ్ఞానం ఉన్న సంగీతజ్ఞుల్ని నిలబెట్టాడు. ఫిబ్రవరిలో వాతావరణం బాగోక ఆపేసి, జూన్‌లో మళ్లీ చేశాడు. రైలు వస్తున్నప్పుడు స్వరం పెరిగింది, పోతున్నప్పుడు తగ్గింది. మన లెక్కలో షడ్జమం నుంచి శుద్ధ రిషభం దాకా పెరగాలంటే రైలు 70 కి.మీ. పైచిలుకు వేగంతో రావాలి. అప్పటి ఇంజన్ల చప్పుడు మధ్య అంత సన్నటి తేడాని చెవితో పట్టడం మాటలు కాదు. నాకు నచ్చేది, ఆయన ఒకరి చెవినే నమ్ముకోకుండా అనేకమందిని నిలబెట్టి, వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ రెండుసార్లూ వినిపించడం. కొలత కంటే ముందు కొలిచేవాడి తప్పు ఎంతో తెలుసుకోవాలన్న జాగ్రత్త అందులో ఉంది.

ఇదంతా పట్టాల పక్కన నిలబడే నాలాంటివాడి సరదా. రైలుకే రాడార్ తగిలించడం వేరే కథ. మా బావ రైళ్లు నడుపుతాడు. నా గోలంతా విని ఒకసారి అడిగాడు, "ఏరా, చక్రం ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెడితే పోయేదానికి ఇంత రాద్ధాంతం ఎందుకు?" అని. తర్వాత తనే జవాబు చెప్పాడు. చిన్న తుంపర పడి పట్టాలు జిడ్డుగా ఉన్నప్పుడు బరువైన రైలుని కదిలించబోతే చక్రం నిలబడిన చోటే గిర్రున తిరుగుతుంది. మీటరు ముల్లు 40కి ఎగబాకుతుంది, బయట స్తంభం ఉన్నచోటే ఉంటుంది. బ్రేకు వేసినప్పుడు దీనికి తిరగబడి, చక్రం బిగుసుకుని పట్టా మీద స్కేటింగ్ చేస్తుంది. మీటరు సున్నా, రైలు మాత్రం పోతూనే ఉంటుంది. "ఆ సున్నా చూసినప్పుడు కడుపులో దేవినట్టుంటుంది రా" అన్నాడు. జారకపోయినా చక్రం అరుగుతుంది. 920 మిల్లీమీటర్ల వ్యాసం అరిగి 860కి వచ్చాక కూడా మీటరుకి పాత కొలతే ఇచ్చి ఉంచితే, 100తో వెళ్లే రైలు 107 అని చూపిస్తుంది.

అందుకే కొన్ని ఇంజన్ల అడుగున రాడార్ పెడతారు. అది కింద కంకరని చూస్తుంది. కంకర గరుకుగా ఉంటుంది కాబట్టి తరంగం అన్ని వైపులకీ చెదిరి కొంత తిరిగొస్తుంది. నున్నటి మంచు, నిలిచిన నీళ్లు వస్తే తరంగం అద్దం మీద పడ్డట్టు ముందుకి జారిపోయి, రాడార్ తడబడుతుంది. కోణం గొడవ ఇక్కడా తప్పదు. 45 డిగ్రీలతో వాలుగా చూస్తున్న యాంటెనా, పెట్టె వంగడం వల్ల ఒక్క డిగ్రీ పక్కకి పోతే వేగంలో 1.75 శాతం తప్పు వస్తుంది. బ్రేకు వేసినప్పుడల్లా పెట్టె ముక్కు వంచుతుంది కూడా. దీనికి ఇంజనీర్లు కనిపెట్టిన చిట్కా నాకు మహా ఇష్టం. ఒక యాంటెనాని ముందుకీ ఇంకోదాన్ని వెనక్కీ చూసేలా పెడతారు. పెట్టె వంగితే ఒకదాని కోణం పెరుగుతుంది, ఇంకోదానిది అంతే తగ్గుతుంది. రెండింటి సగటు తీస్తే 1.75 శాతం కాస్తా 0.015 శాతమవుతుంది. రెండు ముఖాలున్న రోమన్ దేవుడి పేరు మీద దీన్ని జానస్ అమరిక అంటారు.

ఇప్పుడు నా అసలు వాదన. రోడ్డు మీద పోలీసుల రాడార్ గన్ పక్కనుంచి పడితే కొసైన్ వల్ల తక్కువ వేగం చూపిస్తుంది. అది డ్రైవర్‌కి మేలు చేసే తప్పు. కాబట్టి ఈ తప్పు వల్ల ఎవరికీ అన్యాయం జరగదని చెప్పి ఊరుకుంటారు, అక్కడ అది న్యాయమే. అదే తప్పుని రైలు అడుగుకి మార్చండి. తన వేగాన్ని 1 శాతం తక్కువగా చూసుకునే రైలు 3 కిలోమీటర్లు వెళ్లేసరికి తాను నిజంగా ఉన్నచోటికి 30 మీటర్లు వెనక ఉన్నాననుకుంటుంది. ముందున్న సిగ్నల్ ఇంకా దూరం ఉందనుకుంటుంది. అక్కడ మేలు చేసిన తప్పే ఇక్కడ ప్రమాదం వైపు నెడుతుంది. సూత్రం ఒకటే, పరికరం దాదాపు ఒకటే, అంకె ఒకటే. ఆ తప్పు ఎటువైపు ఒరిగి ఉందో, ఎంత ఉందో చెప్పకుండా అంకె ఒక్కటే చేతిలో పెడితే వాడుకునేవాడు ఏం చేయాలి?

ఇదేదో నా చాదస్తం అనుకునేరు. రైళ్లని అదుపులో ఉంచే యూరప్ ఈటీసీఎస్ వ్యవస్థ రాసుకున్న నియమాల్లోనే ఇది ఉంది. కొలిచిన వేగం 30 కి.మీ. లోపు ఉన్నప్పుడు 2 కి.మీ. అటూ ఇటూ ఉండొచ్చు, అక్కణ్నుంచి పెరుగుతూ 500 దగ్గర 12 కి.మీ. దాకా ఒప్పుకుంటారు. దూరానికైతే 5 మీటర్లు, దానికి తోడు ప్రయాణించిన దూరంలో 5 శాతం. పట్టాల మధ్య బిగించిన బలీస్ అనే పలక మీదుగా వెళ్లినప్పుడు రైలుకి తానెక్కడున్నదీ కచ్చితంగా తెలుస్తుంది. అక్కణ్నుంచి కిలోమీటరు పోయేసరికి అనుమానం 55 మీటర్లకి, రెండు కిలోమీటర్లకి 105 మీటర్లకి పెరగొచ్చు. తర్వాతి బలీస్ దగ్గర అనుమానం మళ్లీ కుదించుకుపోతుంది. రైలులోని కంప్యూటర్ తానిక్కడున్నానని ఒక బిందువుని చెప్పి ఊరుకోదు. ముందుకి ఎంతవరకు ఉండే అవకాశం ఉందో లెక్క వేసుకుని, ఆ చివరి హద్దు నుంచే బ్రేకు సంగతి ఆలోచిస్తుంది. చక్రాల లెక్క, రాడార్, వేగంలో మార్పుని పట్టే యాక్సెలరోమీటర్ ఒకదాని మాట ఒకదానితో సరిచూసుకోవడం కూడా ఇందుకే. అంత పెద్ద వ్యవస్థ సిగ్గుపడకుండా తన అనుమానాన్ని లెక్కలో పెట్టుకుంటుంటే, ట్రైపాడ్ మీది డబ్బాకి దశాంశ బిందువు తర్వాత అంకె ఎందుకు?

మనం కూడా కాస్త తగ్గాలి. నా 79 తప్పని తేల్చింది ఇంకో మంచి రాడార్ కాదు, ఫోన్ వీడియో. పెట్టె పొడవు తెలిస్తే చాలు. 26.4 మీటర్ల పెట్టె 100తో వెళ్తే ఒక స్తంభాన్ని 0.95 సెకన్లలో దాటుతుంది. సెకనుకి 30 ఫ్రేముల వీడియోలో ఒక పెట్టెని లెక్కపెడితే ఒక్క ఫ్రేము తేడాకే మూడున్నర శాతం తప్పు వస్తుంది. పది పెట్టెల్ని లెక్కపెడితే అది 0.35 శాతానికి దిగుతుంది. కోణం లేదు, గడప లేదు, ఎఫ్‌ఎఫ్‌టీ లేదు. ఇంత సాధన చేశాక ఒప్పుకోవడం కష్టంగానే ఉంది.

నా మాటకి ఎదురుచెప్పేవాళ్లలో మొదటివాడు మా బావే. "మీటరు ఎంత చూపిస్తే అంతే నా స్పీడు. నాకు ఒక్క అంకె కావాలి. 96కీ 98కీ మధ్య అని చెప్తే నేనేం చేసుకోను?" అంటాడు. ఇందులో న్యాయం లేకపోలేదు. ఎదురుగా సిగ్నల్ వస్తుంటే గ్రాఫులు చూసే టైమ్ ఎవరికీ ఉండదు. క్యాబిన్‌లో ఒక్క అంకె చాలు, అనుమానాన్ని కంప్యూటర్ మోస్తుంది. నా కోపం ఆ అనుమానాన్ని ఎవరూ మోయని చోట. తెర మీద అంకె ఉంటుంది, వెనక రికార్డింగ్ ఉండదు, స్పెక్ట్రోగ్రామ్ ఉండదు, సరిచూసుకునే దారే ఉండదు. ఇప్పుడు నా డబ్బా రెండు అంకెలు చూపిస్తుంది, కింది హద్దూ పై హద్దూ. రెండూ దశాంశాలు లేకుండా. ప్రతి రైలుకీ ముడి ధ్వని ఫైలు దాచుకుంటుంది.

మొన్న సెలవు రోజున బావ కూడా నాతో వచ్చాడు. కంచెకి ఇవతల స్పీకర్ పెట్టి కూర్చున్నాం. దూరంగా ఈల మొదలైంది. తెర వైపు చూడకుండా కళ్లు మూసుకుని విన్నాడు. ఇంజను ఇంకా మమ్మల్ని చేరకముందే "తొంభై నాలుగు" అన్నాడు. తెర మీద 93, 96 అని పడింది.

"ఎంత అటూ ఇటూగా, బావా?" అని అడిగాను.

కాసేపు ఆలోచించాడు. "మూడు," అన్నాడు. "వానలో అయితే ఐదు."